మీ ఇంటి పాట బడికి పంపండి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల నుంచి మన ఉదయపు అసెంబ్లీలో చిన్న మార్పు చేస్తున్నాం. ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు అయ్యాక రోజుకొక ఇంటి పాట వినిపిస్తాం. మనసు బాగోలేనప్పుడు మీ ఇంట్లో ఏ పాట పెట్టుకుంటారో, ఏ పాట మొదలవగానే వంటింట్లో ఉన్నవారు కూడా గొంతు కలుపుతారో, ఆ పాట. పిల్లలు ముందుకొచ్చి దాని గురించి నాలుగు మాటలు చెబుతారు, తర్వాత అందరం వింటాం. పోటీ లేదు, మార్కులు లేవు, బహుమతులు లేవు.

పోయిన టర్మ్‌లో ఏడో తరగతితో ఇది చేసి చూశాం. మొదట్లో అందరూ రెండే రకాల పాటలు తెచ్చారు. సగం మంది ఆ వారం వచ్చిన సినిమా పాటలు, మిగతా సగం బడి కదా అని భక్తి పాటలు. అప్పుడు ఒకమ్మాయి వాళ్ల తాతయ్య తప్పెటగుండు అనే వాద్యం తీసుకొచ్చింది. గుండ్రంగా, అన్నం పళ్లెమంత ఉంటుంది. తాడు మెడలో వేసుకుని గుండెల మీద కట్టుకుంది. తాతయ్య ఊరి పండగల్లో ఆడేవారట. ఆ పిల్ల మొదట బిడియంగా రెండు దెబ్బలు వేసింది. మూడో దెబ్బకి అడుగు కూడా కదిలింది. దరువు జోరందుకునేసరికి వెనక బెంచీల వాళ్లంతా లేచి నిలబడ్డారు, పక్క క్లాసు పిల్లలు కిటికీల దగ్గర చేరారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల కళ ఇది. మన సిటీ పిల్లల్లో చాలామంది దాన్ని దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

ఆ మర్నాటి నుంచి పాటలు మారిపోయాయి. నేవీ బ్యాండులో ట్రంపెట్ వాయించే ఒక తండ్రి కొడుకు మార్చింగ్ ట్యూన్ తెచ్చాడు. డిసెంబరు 4న నేవీ డే నాడు ఆర్‌కే బీచ్‌లో బ్యాండు విన్నవారికి ఆ ఊపు తెలుసు. అరకు వైపు నుంచి వచ్చిన అమ్మాయి అక్కడి గిరిజనుల థింసా నృత్యం పాట తెచ్చి, అందులో మోగేవాటిలో మోరి ఏదో, కిరిడి ఏదో, తుడుము ఏదో విడివిడిగా చెప్పింది. ఎవరింట్లో ఏముందో టీచర్లకే ఆశ్చర్యం వేసింది.

సినిమా పాటలు బడిలో ఏమిటని ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు. రానివ్వాలనే నా అభిప్రాయం. మన పక్కనే విజయనగరంలో 1919లో సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు. ఘంటసాల గారు ఆ కళాశాలలో చదువుకునే సినిమాల్లోకి వెళ్లారు. ఆ చదువంతా ఆయన పాటలో వినిపిస్తుంది. అసలు వయొలినే పడమటి దేశాల వాద్యం, మన కచేరీల్లోకి వచ్చి సుమారు 200 ఏళ్లు. ఇవాళ వయొలిన్ లేని కర్ణాటక కచేరీ ఊహించలేం. అందుకే ఇది మన సంగీతం, అది పరాయి సంగీతం అని పిల్లల దగ్గర గీతలు గీయవద్దని మీ అందరినీ అడుగుతున్నాను.

మీ ఇంట్లో కీబోర్డు ఉంటే ఒకటి చేసి చూడండి. నల్ల మీటలు రెండు ఒకచోట, మూడు ఒకచోట గుంపులుగా ఉంటాయి. మూడు ఉన్న గుంపులో మొదటిదాన్ని 'స' అనుకుని, నల్లవాటి మీదే పైకి వెళ్లండి. అది మోహన రాగం. సంగీతం క్లాసులో పిల్లలు నేర్చుకునే తొలి గీతాల్లో ఒకటి ఈ రాగంలోనే ఉంటుంది. హిందుస్తానీలో ఇవే స్వరాలతో భూప్ రాగం పాడతారు. చైనా జానపదాల్లోనూ, స్కాట్లాండ్ పాటల్లోనూ ఈ ఐదు స్వరాలే చాలాచోట్ల వినిపిస్తాయి. మా మ్యూజిక్ టీచర్ ఇది వాయించి చూపించినప్పుడు, గిటార్ తప్ప ఇంకేదీ వినని తొమ్మిదో తరగతి అబ్బాయిలు ముగ్గురు బెల్లు కొట్టినా కదలలేదు.

పాత పోస్టాఫీసు వైపు వెళ్తే హార్బరు పక్కన మూడు కొండలు కనిపిస్తాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. ఈ ఊళ్లో పెరిగే పిల్లలు అన్నమయ్య సంకీర్తన, కవ్వాలీ, క్రైస్తవ కీర్తన మూడూ వినాలని నాకు గట్టిగా ఉంది. అన్నమయ్య కీర్తనలెన్నింటికో స్వరాలు కట్టిన నేదునూరి కృష్ణమూర్తి గారు చివరి రోజుల్లో మన విశాఖలోనే ఉన్నారు. ఇక తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే, పాటల పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి గారి లాంటివారు ఆ పద్ధతిలోనే రాశారు. క్లాసులో ఒకబ్బాయి ఆ రాగం పేరు చదవగానే, కర్ణాటక సంగీతం నేర్చుకునే అమ్మాయి "ఇది నాకొచ్చు" అని అక్కడికక్కడే స్వరాలు పాడేసింది. ఇద్దరూ ఇప్పుడు కలిసి సాధన చేస్తున్నారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మీలో చాలామంది ఇక్కడే ఉండి ఉంటారు. మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. టీవీ లేదు, ఫోన్లలో ఛార్జింగ్ లేదు. సాయంత్రమయ్యేసరికి అందరం డాబా మీదికి చేరేవాళ్లం. ఎదురింటి పెద్దావిడ పాత పాట అందుకుంటే, పై వాటాలో అద్దెకున్న కుర్రాళ్లు బకెట్ బోర్లించి దరువేసేవారు. పక్కింటి బెంగాలీ వాళ్లు వాళ్ల భాషలో పాడారు. మాటలు తెలియకపోయినా పల్లవి రెండోసారి వచ్చేసరికి మేమూ గొంతు కలిపాం. అన్నేళ్లు పక్కపక్కనే ఉన్నా ఎవరికి ఏ పాట ఇష్టమో నాకు అప్పుడే తెలిసింది. ఇప్పటి మన పిల్లలకి ఆ రోజులు తెలియవు. తుపాను రాకుండానే వాళ్లకి అలాంటి సాయంత్రాలు దొరకాలి.

ఉత్సాహమిచ్చే పాట అనగానే పిల్లలు బీటున్న పాటలే వెతుకుతారు. నెమ్మది పాటలూ పంపండి. ఒక పదో తరగతి కుర్రాడు లెక్కల పరీక్ష ముందురోజు తనకు ధైర్యమిచ్చేది వయొలిన్ ఆలాపన అని చెప్పాడు. కలిసి పాడేవారి గుండె వేగం ఒకే తీరులో పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించారు. కారణం ఊపిరి. పాటలో అందరం ఒకేచోట గాలి పీల్చి, పొడుగ్గా వదులుతాం. వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది. ప్రీ-ఫైనల్స్ రోజుల్లో పదో తరగతి వాళ్లతో హాల్లోకి వెళ్లేముందు ఒక నిదానమైన పాట కలిసి పాడిస్తాం. టెన్షన్ మొత్తం పోతుందని అనను, చేతులు వణకడం మాత్రం తగ్గుతుంది.

ఇయర్‌ఫోన్ల గురించి ఒక మాట. పిల్లలకి 75 డెసిబెల్స్, అదీ వారానికి 40 గంటలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫోన్‌లో సౌండు సగం దాటి కొంచెం ఉంటే చాలు. ఇంకా మంచిది, ఇంట్లో స్పీకర్లో పెట్టి అందరూ వినడం.

పాట ఎంచుకునేటప్పుడు బడికి ఏది బాగుంటుందని ఆలోచించవద్దు. మీరు బండి మీద వెళ్తూ నిజంగా కూనిరాగం తీసేదే పంపండి. మాటలు చిన్న తరగతుల పిల్లలు వినదగినవైతే చాలు. పాట పేరు, పాడినవారి పేరు, అది మీ ఇంట్లో ఎందుకు ఇష్టమో పిల్లల చేతిరాతలో ఐదారు వాక్యాలు రాయించి, ఈ శనివారంలోగా క్లాస్ టీచరుకి ఇప్పించండి. ఫోన్లో దొరకని పాట, అమ్మమ్మకో నాయనమ్మకో తప్ప ఇంకెవరికీ రాని పాట ఉంటే రికార్డు చేసి పంపండి. వీలుంటే వాళ్లనే తీసుకురండి. అసెంబ్లీ ఎనిమిదిన్నరకి. నీడలో కుర్చీ వేయిస్తాం, మైకు అందేలా చూస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు
విశాఖపట్నం