బల్ల కాలు మార్చమంటే నిలబడి ఫొటో పంపమన్నారు!

కస్టమర్ సర్వీసు పెద్దలకు,

ఒంగోలు కర్నూలు రోడ్డులోని మా ఆఫీసు నుంచి రాస్తున్నాం. ఎత్తు మారే మీ కరెంటు బల్ల 26 అంగుళాల దగ్గర ఆగిపోయింది. దాని మీద పనిచేసే మా అకౌంటెంటు గారు వీల్‌చైర్ వాడతారు. కుర్చీ చేతులేమో 29 అంగుళాల ఎత్తు. బల్ల కిందికి దూరక, పక్కకు తిరిగి, కీబోర్డు ఒళ్లో పెట్టుకుని జీఎస్టీ రిటర్నులు వేస్తున్నారు. వస్తువన్నాక పాడవుతుంది, దానికి మిమ్మల్ని తప్పుపట్టం. ఆ తర్వాత మీవాళ్లు ఆడించిన ఆటకే ఈ ఉత్తరం.

మొదట మాట్లాడినామె రీసెట్ చేయమంది. కింది బాణం నొక్కి పట్టి, బల్ల అడుగుకు దిగాక వదిలి, మళ్లీ నొక్కితే కాస్త కుంగి పైకి లేవాలి. అసలు అడుగుకు దిగితే కదా! కుడి కాలు కదిలింది, ఎడమది మూలిగి ఆగింది. రెండు కాళ్ల లెక్క తప్పితే కంట్రోల్ బాక్సు రెండింటినీ ఆపేస్తుంది. ఆపకపోతే బల్ల వాలి మానిటర్ కిందపడుతుంది కాబట్టి అది సబబే. బాక్సు దగ్గర రెండు మోటార్ల వైర్లు అటూ ఇటూ మార్చి చూశాం. అప్పుడూ ఆగింది ఎడమ కాలే. అంటే లోపం బాక్సులో లేదు, ఆ కాలి మోటారులోనో దాని వైరులోనో ఉంది. ఇదంతా విడమరిచి చెబితే, మీ రెండో ఏజెంటు ఓపిగ్గా విని అడిగిన ప్రశ్న: "ప్లగ్గు పెట్టారా సార్?"

మూడో ఆయన ఫారం పంపాడు. అందులో ఒక గడి: వాడేవారు బల్ల ముందు నిలబడి, మోచేయి మడిచి దిగిన ఫొటో. వీల్‌చైర్ అని చెప్పాం. "ఫొటో లేకపోతే సిస్టమ్ ముందుకెళ్లదు సార్" అన్నాడు. కుర్చీలో కూర్చున్న ఫొటో పంపితే "ఫొటో సరిగా లేదు" అని తిప్పి కొట్టారు. వెబ్‌సైట్లో మాత్రం వీల్‌చైర్‌లో నవ్వుతున్న మనిషి బొమ్మే వేసుకున్నారు!

తర్వాత మా పిన్‌కోడుకు సర్వీసు లేదన్నారు. అమ్మేటప్పుడు ఇదే పిన్‌కోడుకు లారీ ఎలా వచ్చిందో మరి. గట్టిగా అడిగితే నెల్లూరు నుంచి మనిషిని పంపుతామన్నారు. మనిషి రాలేదు, "కస్టమర్ అందుబాటులో లేరు, టికెట్ మూసివేయబడింది" అనే మెసేజీ వచ్చింది. ఆ పూట ఆఫీసు తెరిచే ఉంది. మళ్లీ ఫోన్ చేస్తే కొత్త టికెట్, మళ్లీ ప్లగ్గు ప్రశ్న.

ట్రాక్‌బాల్ మౌసులు, చేతి ఆనింపులు మీ దగ్గరే కొన్నాం, పదిమందికి మీ పేరే చెప్పాం. ఇకపైనా చెబుతాం, ఈ ఉత్తరం జతచేసి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అందిందని చెప్పడంలో మీకు సాటి లేరు, ఫోన్ నిండా ఆ మెసేజీలే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తున్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు కనుక, ఒంగోలు వినియోగదారుల కమిషన్‌కు మీ వకీలే రావాల్సి ఉంటుంది. బల్ల అకౌంటెంటు గారు సొంత డబ్బుతో కొన్నది, బిల్లూ ఆయన పేరునే ఉంది. వ్యాపార కొనుగోలు, ఈ చట్టం వర్తించదని తప్పించుకోలేరు.

బల్ల మొత్తం మార్చనక్కర్లేదు. ఎడమ కాలు, మోటారు వైరుతో సహా పంపండి. బిగించుకోవడం మాకు వచ్చు.

ఇట్లు,
ఆఫీసు మేనేజర్, ఒంగోలు