ఆదివారం పాత సీరియళ్లు

అన్నలూ, అక్కలూ, ఈ ఆదివారం మిర్యాలగూడలో మా ఇంట్లో కూర్చుని పాత సీరియళ్లు చూద్దాం.

1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు మా వాడకట్టుకంతా ఒకటే టీవీ, అదీ బ్లాక్ అండ్ వైట్. పొద్దున్నే చాపలు పరిచి ముందు వరసలో చోటు కోసం కొట్లాట. బొమ్మ సరిగా రాకపోతే ఒకరు మిద్దె ఎక్కి యాంటెనా తిప్పాలి, కింద నుంచి మేం "వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది!" అని అరవాలి. హిందీ సగమే అర్థమయ్యేది. కథ తెలిసిందే కాబట్టి ఎవరికీ లోటు అనిపించలేదు. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేస్తే మా అమ్మ అంతే శ్రద్ధగా చూసింది.

2001లో జెమినీలో మొదలైన అమృతం కూడా పెడతా. దానికైతే మా పిల్లలు నాకంటే ముందే నవ్వుతారు.

సర్వపిండి మేమే చేస్తాం. ఛాయ్‌కి పాలు మాత్రం ఎవరైనా తెండి.