శాస్త్ర చిత్రాల కింద మరొక్క వాక్యం కావాలి

సంపాదకులకు నమస్కారం.

వివిధ శాస్త్ర రంగాల తాజా పరిశోధనల చిత్రాలకు మీ ఆదివారం సంచికలో రెండు పూర్తి పుటలు కేటాయించినందుకు ముందుగా అభినందనలు. జీవకణం లోపలి పోగులను, సుదూర నక్షత్రమండలాన్ని, ప్రొటీన్ ఆకృతిని, మెదడు స్కానింగును పక్కపక్కన పెట్టి చూసే అవకాశం మామూలు పాఠకుడికి తరచుగా దొరకదు. అయితే వాటిలో ఏది కెమెరాకు చిక్కినదో, ఏది కొలతల నుంచి కంప్యూటర్ నిర్మించినదో, ఏది చిత్రకారుడు ఊహించి గీసినదో ఒక్క వ్యాఖ్యలోనూ చెప్పలేదు. అన్నింటినీ 'ఫొటో' అనే ఒక్క మాటతో సరిపెట్టారు.

ఇది పట్టించుకోనక్కరలేని తేడా అనిపించవచ్చు. కానీ బూడిదరంగు బంతికి ఎర్రటి కొమ్ములు మొలిచినట్టున్న బొమ్మను 2020లో ఎంతోమంది కరోనా వైరస్ ఫొటో అనే అనుకున్నారు. అది అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థలోని చిత్రకారులు రూపొందించిన బొమ్మ. ఆ వైరస్ వ్యాసం సుమారు 100 నానోమీటర్లు కాగా, కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు ఉంటుంది. తన తరంగం కన్నా అంత చిన్న వస్తువు వివరాలను మామూలు కాంతి చూపలేదు కనుక దాని రూపురేఖలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూడవలసిందే. అందులో నమోదయ్యేవి ఎలక్ట్రాన్ల హెచ్చుతగ్గులు మాత్రమే కనుక చిత్రం నలుపు తెలుపుల్లోనే వస్తుంది. మనం చూసే రంగులు ఆ తరువాత అద్దినవి. భాగాలు విడివిడిగా తెలియడానికి రంగులు అద్దడం తప్పేమీ కాదు, అద్దామని చెప్పకపోవడమే లోపం.

2019 ఏప్రిల్ 10న విడుదలైన ఎం87 అనే నక్షత్రమండలం మధ్యనున్న కృష్ణబిలం (బ్లాక్ హోల్) చిత్రాన్నే తీసుకోండి. ఆ నారింజ వలయాన్ని ఏ కెమెరా తీయలేదు. సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాలను 2017 ఏప్రిల్‌లో భూమి మీద వేర్వేరు చోట్ల ఉన్న ఎనిమిది టెలిస్కోపుల కూటమి ఏకకాలంలో నమోదు చేసింది. ఇంటర్నెట్‌లో పంపడానికి వీలుకానంత సమాచారం పోగవడంతో హార్డ్ డిస్కులను విమానాల్లో తరలించారు. దక్షిణ ధ్రువంలోని డిస్కులకైతే అక్కడి చలికాలం ముగిసేదాకా ఆగవలసి వచ్చింది. ఒకరి ఊహ మరొకరికి అంటకుండా నాలుగు బృందాలు తమలో తాము మాట్లాడుకోకుండా విడివిడిగా చిత్రాన్ని నిర్మించి, చివరకు పోల్చి చూసుకున్నాయి. రేడియో తీవ్రతను తెలపడానికి శాస్త్రవేత్తలు ఎంచుకున్న రంగే ఆ నారింజ. వలయం కన్నా దాని వెనుక ఉన్న ఈ జాగ్రత్తే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది. మీ వ్యాఖ్యలో మాత్రం 'కృష్ణబిలం ఫొటో' అన్న రెండు మాటలే ఉన్నాయి.

జేమ్స్ వెబ్ టెలిస్కోపు చిత్రాల సంగతి కొంత వేరు. అది గ్రహించేది ప్రధానంగా కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని. అందులో పొడవైన తరంగాలకు ఎరుపును, పొట్టివాటికి నీలాన్ని సాధారణంగా కేటాయిస్తారు కనుక ఆ రంగులకు ఒక క్రమం ఉంటుంది. మెదడు పనితీరును చూపే స్కానింగు (ఎఫ్‌ఎంఆర్‌ఐ) చిత్రాలతోనే అపోహలు ఎక్కువ. అందులో ఎర్రగా చూపిన భాగం నిజంగా 'వెలగదు'. రక్తంలోని ఆక్సిజన్ మార్పులను గణించి, ఒక హద్దు దాటిన చోట్లకు రంగు వేస్తారు. ఆ హద్దు మారిస్తే బొమ్మా మారుతుంది. ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాం అంచనా వేసిన ప్రొటీన్ ఆకృతుల్లోనైతే ముదురు నీలం ఆ అంచనాపై గట్టి నమ్మకానికి, నారింజ చాలా తక్కువ నమ్మకానికి గుర్తు. ఆ సంగతి చెప్పకుండా అచ్చువేస్తే, అనుమానం ఉన్న భాగం కూడా పాఠకుడికి అందమైన రంగుగానే మిగులుతుంది.

పుటలో చోటు చాలదని మీరు అనవచ్చు. 'రేడియో కొలతల నుంచి కంప్యూటర్ నిర్మించిన చిత్రం, రంగు ఎంచుకున్నది' అన్న వ్యాఖ్యలో పది మాటలైనా లేవు. ఊహాచిత్రమైతే 'ఊహాచిత్రం' అన్న ఒక్క మాట చాలు. మరొక్క మనవి: సూక్ష్మదర్శిని చిత్రాల మూలన ఉండే కొలత గీతను పుట అందం కోసం కత్తిరించకండి. అది లేకపోతే పుప్పొడి రేణువు, గ్రహశకలం ఒకే పరిమాణంలో కనిపిస్తాయి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు