ఫంక్షన్ హాళ్లను ముహూర్తాలు లేని రోజుల్లో నాటకాలకు ఇవ్వండి

సంపాదకులకు,

అయ్యా,

చెన్నై సెంట్రల్ స్టేషన్ సమీపంలోని విక్టోరియా పబ్లిక్ హాలును అక్కడి కార్పొరేషన్ ఇటీవలి కాలంలో పునరుద్ధరించడానికి పూనుకుంది. 1883 డిసెంబరులో ఆ భవనానికి శంకుస్థాపన చేసినవారూ, దాని నిర్మాణానికి ముఖ్య దాతా మన మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు గారేనని విజయనగరంలో ఎందరికి గుర్తుందో తెలియదు. 1892లో ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శితమైన ఊరు మనది కనుక ఈ మాట ఇక్కడివారికే ముందు చెప్పాలనిపించింది.

వాస్తుశిల్పి చిషోమ్ రూపొందించిన ఆ హాలులో తమిళ నాటకకర్త పమ్మల్ సంబంధ ముదలియార్ గారి సుగుణ విలాస సభ నాటకాలాడింది, 1897లో వివేకానందుడు ప్రసంగించాడు, మద్రాసు ప్రజలు తొలినాటి చలనచిత్రాలు చూశారు. ఆ తరువాత అది చాలాకాలం ఆలనాపాలనా లేక శిథిలమైనా, హాలు హాలుగానే నిలిచింది కనుకనే నేడు బాగుచేయడానికి ఏదో ఒకటి మిగిలింది. ముంబై రాయల్ ఒపేరా హౌస్ కూడా సినిమా హాలుగా మారి, 1993లో మూతపడి, 2016లో తిరిగి తెరుచుకున్నదే.

మన వైపు జరుగుతున్నది వేరు. పాత సినిమా హాలును ఫంక్షన్ హాలుగా మార్చేటప్పుడు ముందుగా చేసే పని, భోజనాల బల్లలు వేయడానికి వీలుగా, నేల టికెట్టు నుంచి బాల్కనీ కిందివరకూ ఏటవాలుగా లేచిన నేలను కాంక్రీటుతో చదును చేయడం. ఆ తరువాత గోడలకున్న శబ్దాన్ని పీల్చే పలకలు ఊడదీసి నున్నగా పూతపూయడం. ఇక అక్కడ మైకు పెడితే మాట మారుమోగుతుందే తప్ప అర్థం కాదు, వెనక వరుసలో కూర్చున్నవారికి ముందువారి తలలే కనిపిస్తాయి. యజమానులను తప్పుపట్టలేం, జనం రాని హాలుకు ఆస్తి పన్నూ కరెంటు బిల్లూ ఎన్నాళ్లు కట్టగలరు?

అందువల్ల మార్పును అడ్డుకోమని కోరడం లేదు. మార్పుకు అనుమతి ఇచ్చేటప్పుడు, ఏటవాలు నేలనూ తెర ముందరి వేదికనూ ఉంచిన యజమానికి ఆస్తి పన్నులో రాయితీ ఇచ్చే అవకాశాన్ని నగరపాలక సంస్థ పరిశీలించాలి. బదులుగా ఆషాఢంలోనూ మూఢంలోనూ ఎలాగూ ఖాళీగా ఉండే ఆ హాళ్లను స్థానిక నాటక సమాజాలకూ, సంగీత కళాశాల విద్యార్థుల కచేరీలకూ నామమాత్రపు అద్దెకు ఇవ్వాలన్న షరతును అనుమతి పత్రంలోనే రాయాలి.

ఇట్లు,
ఒక నాటకాభిమాని,
విజయనగరం