శాట్ ఇంగ్లీష్: ఈ వారం చేయించాల్సిన పని

అందరికీ నమస్కారం. అమెరికా కాలేజీల్లో ప్రవేశానికి రాసే శాట్‌లో, రీడింగ్ అండ్ రైటింగ్ విభాగానికి రెండు మాడ్యూళ్లు (భాగాలు), ఒక్కోదానిలో 27 ప్రశ్నలు, 32 నిమిషాలు. అంటే ప్రశ్నకు 71 సెకన్లే. మొదటి మాడ్యూల్ ఎలా రాశారన్నదాన్ని బట్టే రెండోదాని కఠినత్వం మారుతుంది కాబట్టి అక్కడ తొందర వద్దు. జేఈఈలోలా మైనస్ మార్కులు లేవు, ఏదీ ఖాళీగా వదలనివ్వకండి.

మన పిల్లలు ఎక్కువగా జారేది కామాల దగ్గర. చెవికి బాగుందని పెట్టేస్తారు. రెండు పూర్తి వాక్యాల మధ్య ఒట్టి కామా తప్పు. సెమీకోలన్ తీసి ఫుల్‌స్టాప్ పెట్టి చూడమనండి. రెండు వైపులా విడిగా నిలబడితేనే సరి. ఒక ఆప్షన్‌లో సెమీకోలన్, ఇంకోదానిలో ఫుల్‌స్టాప్, అంతే తేడా అయితే సాధారణంగా రెండూ తప్పే!

ట్రాన్సిషన్ (వాక్యాలను కలిపే మాట అడిగే) ప్రశ్నలకు ఆప్షన్లు మూసేసి, వాక్యాల మధ్య సంబంధం తెలుగులో చెప్పించండి: ‘అయినా’నా, ‘అందుకే’నా, ‘ఉదాహరణకు’నా? తర్వాతే ఇంగ్లీష్ మాట వెతకాలి.

నోట్స్ ప్రశ్నల్లో (కొన్ని పాయింట్లు ఇచ్చి, చెప్పిన లక్ష్యానికి సరిపోయే వాక్యం అడిగేవి) ముందు లక్ష్యం చదవాలి. నాలుగు ఆప్షన్లూ నిజాలుగానే కనిపిస్తాయి, అడిగింది తీర్చేది ఒక్కటే.

ప్రాక్టీస్ శాట్ అధికారిక యాప్ బ్లూబుక్‌లోనే, టైమర్ పెట్టి. తప్పిన ప్రతి ప్రశ్నకూ తాము ఎంచుకున్నది ఎందుకు కాదో ఒక్క లైన్ రాయించండి. కొత్త పేపర్ దాని తర్వాతే.