గుడి మాది, బడి ఎవరిది

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది మిర్యాలగూడ దగ్గర ఊరు, నేను రైస్ మిల్లుల హమాలీ పని చేస్త, మా ఇంటామె సీజన్‌ల పత్తి ఏరనీకి పోతది. తాతల కాలం నుంచి కతోలికులం, మా నాయిన కొన్నేండ్లు ఉపదేశిగా, అంటే ఊర్ల ప్రార్థనలు నడిపి మతబోధ చెప్పేటాయనగా కూడా చేసిండు. గుడి కాంపౌండ్‌లనే ఇంగ్లీష్ మీడియం బడి ఉన్నది, ఆదివారం పూజకు పోయినప్పుడల్లా మా చిన్నపిల్ల అక్కడి జారుడుబండ ఎక్కి దిగనంటది. ఈ ఏడు ఒకటో తరగతిల వేద్దామని పోతే ఫీజు, బుక్స్, డ్రెస్ అన్నీ కలిపి 31,000 అన్నరు. బడి చూసుకునే సిస్టర్ గారు మంచిగనే మాట్లాడింది, రెండు వేలు తగ్గిస్త అన్నది, అంతకంటె తన చేతిల లేదన్నది.

మా పెద్దనాయిన కొడుకు, నాకు అన్న అయితడు, బాప్తిస్మం తీసుకోలే. ఆయన కొడుక్కు ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నది, బెస్ట్ అవైలబుల్ స్కూల్ స్కీంల లాటరీ తగిలి గా బడిలనే సీటు వచ్చింది, డే స్కాలర్‌కు ఏడాదికి 28,000 గవర్నమెంటే కడతది (కడతది అంటున్న గని 2025ల బకాయిలు రాక పిల్లల తల్లిదండ్రులు ధర్నాలు చేసిండ్రు, అది ఇంకో లొల్లి). వాడు చదువుకోవాలె, నాకు కుళ్ళు లేదు. మాకు ఇచ్చేది బీసీ-సీ సర్టిఫికెట్. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు కింద క్రైస్తవులైన దళితులు ఎస్సీలు కారంట, సిక్కులను 1956ల, బౌద్ధులను 1990ల కలిపిండ్రు, మమ్మల్ని ఇప్పటికీ కలపలే. ఆ బీసీ-సీ సర్టిఫికెట్ పట్టుకొని గా స్కీం కోసం ఆఫీసుకు పోతే కౌంటర్ కాడ సారు ఇది మీకు రాదు పో అన్నడు. 1977ల 341 నంబర్ జీవో ఒకటి ఉన్నది, చట్టంతోని వచ్చే రిజర్వేషన్లు కాకుండ మిగతా రాయితీలు క్రైస్తవంలకు వచ్చిన ఎస్సీలకు కూడా సమానంగా ఇయ్యాలని. ఫాదర్ గారు జిరాక్స్ తీసి ఇచ్చిండు, చూపిస్తే సారు దాని దిక్కు కూడా చూడలే.

పోనీ మైనారిటీ కింద వస్తదా అంటే, ఒకటి నుంచి ఎనిమిది దాక సెంట్రల్ ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ 2022లనే బంద్ పెట్టిండ్రు, ఆ క్లాసుల చదువు చట్టం ప్రకారం ఫ్రీ కదా అని. ఫ్రీ ఏడుందో మా మిల్లుకు వచ్చి చెప్పాలె.

ఇగ నాకు అసలు మింగుడుపడనిది ఇది. విద్యాహక్కు చట్టంల ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు పేదోళ్ళకు ఇయ్యాలని ఉన్నది, మైనారిటీ బడులకు అది వర్తించదని 2014ల సుప్రీంకోర్టు చెప్పింది. రాజ్యాంగం 30వ ఆర్టికల్ ఇచ్చిన హక్కు, మంచిదే, ఆ హక్కు పోవాలని నేను అంటలేను. కాని మైనారిటీ అంటే ఎవలు సార్, మేమే కదా, ఆ బోర్డు మీద రాసుకున్న పేరు మాదే కదా, మరి పూజల ముందు వరుసల కూసునేటోళ్ళ పిల్లలు ఆ బడిల ఎంతమంది ఉన్నరో లెక్క తీయుండ్రి. మా ఊరి నుంచి అయితే ముగ్గురే.

సిస్టర్స్‌ను తిట్టాలని రాస్తలేను. ఎయిడెడ్ పోస్టులల్ల, అంటే గవర్నమెంట్ జీతమిచ్చే పోస్టులల్ల రిటైరైన టీచర్ల జాగాల గవర్నమెంట్ కొత్తోళ్ళను వేయక ఏండ్లు గడిచినయి, జీతాలు ఫీజులల్లకెళ్ళే తియ్యాలె, బస్సు, కరెంటు బిల్లు అన్నీ దాంట్లనే. నిజమే. అయినా 1965ల వాటికన్ మహాసభనే, అంటే లోకంల కతోలిక బిషప్పులంత కూడిన సభనే, కతోలిక బడి ముందుగాల పేదోళ్ళను చూడాలని చెప్పింది. హైదరాబాద్ కార్డినల్ పూల ఆంథోని గారు కూడా చిన్నప్పుడు మిషనరీల సాయంతోనే చదువుకున్నరు, 2022ల కార్డినల్ అయితే మేం ఊర్ల స్వీట్లు పంచుకున్నం.

అందుకే నల్గొండ మేత్రాసనం (బిషప్ గారి కింది గుడులు, బడులన్నీ) పెద్దలను అడుగుతున్న, ఒక్కో బడి తన విచారణ, అంటే ఆ గుడి కింద ఉండే కతోలికుల పిల్లలకు క్లాసుకు ఎన్ని సీట్లు, ఎంత ఫీజుకు ఇస్తదో అడ్మిషన్లు మొదలుకాకముందే గుడి నోటీసు బోర్డుల పెట్టుండ్రి, ఎవలి రికమండేషన్ లేకుండ. కలెక్టర్ గారు 341 జీవో ఈ స్కీంకు వర్తిస్తదో లేదో కాయితం మీద చెప్పాలె, కౌంటర్ కాడ నోటిమాట కాదు. మా పిల్లను ఇప్పటికైతే ఊర్ల సర్కారు బడిల వేసినం, ఐదు క్లాసులకు ఇద్దరే టీచర్లు.

ఇట్లు,
ఒక రైస్ మిల్లు హమాలీ, మిర్యాలగూడ మండలం
(పేరు వేయకుండ్రి)