లా పాస్‌లో నన్ను కూర్చోబెట్టిన అమ్మకు

అమ్మా, బొలీవియాలోని మీ లా పాస్ నగరంలో నా మొదటి మధ్యాహ్నం అది. సాన్ ఫ్రాన్సిస్కో చర్చి పక్కనుంచి సగార్నగా వీధి ఎక్కుతూ సగంలో ఆగిపోయాను. మచిలీపట్నంలో సముద్రమట్టం దగ్గర పెరిగినదాన్ని. విమానం దిగింది 4,000 మీటర్ల ఎత్తు దాటిన పక్క నగరం ఎల్ ఆల్తోలో. లా పాస్ అంతకన్నా కిందే, అయినా దాదాపు 3,600 మీటర్లు. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మా తీరంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. ఇవన్నీ చదివే వచ్చాను. చదవడం వేరు, ఆ ఎత్తులో బరువు సంచి మోయడం వేరు.

కళ్లు తిరుగుతుంటే మీరు వచ్చారు. కుచ్చుల పావడా, గుండ్రని టోపీ, వీపున రంగుల గుడ్డలో కట్టిన మూట. నా సంచి అందుకుని, మీ పళ్ల బండి పక్కన పీట మీద కూర్చోబెట్టారు. కోకా ఆకులు వేసిన వేడినీళ్లు తెచ్చి, ఒక్కో గుక్కకూ ఆగమని సైగ చేశారు. నాకు వచ్చిన స్పానిష్ పది మాటలే. జ్వరం వస్తే మా అమ్మ చూసినట్టే నుదుటి మీద అరచేయి పెట్టి చూశారు. అప్పుడు ఏడుపు ఆగలేదు. బేరాలు వదులుకుని గంటసేపు నా పక్కనే ఉన్నారు. డబ్బు తీసుకోలేదు, పైగా ఒక నారింజ చేతిలో పెట్టారు.

రెండు రోజులు విశ్రాంతి తీసుకుని మళ్లీ వచ్చాను. మీ బండి లేదు. ఎర్ర లైను కేబుల్ కారులో ఎల్ ఆల్తోకు వెళ్తూ, కింద ఇటుక ఇళ్లను చూసి వీటిలో మీది ఏదో అనుకున్నాను.

మీ పేరు అడగలేదమ్మా. నా నమస్కారాలు అందుకోండి.